అడ్డు తొలగింది సరే, ఏ అడ్డు?

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారాలు. దినపత్రికను మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఓపికగా చదివే పాతకాలపు పాఠకుణ్ణి నేను. మన తెలుగు పత్రికల శీర్షికల్లో కొంతకాలంగా విపరీతంగా వాడుతున్న కొన్ని మాటల గురించి నాలుగు ముక్కలు రాయాలనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఒక ప్రాజెక్టుకు ‘మార్గం సుగమం’ అంటారు, ఒక నియామక ప్రక్రియకు ‘లైన్ క్లియర్’ అంటారు, జిల్లా పేజీలో ధాన్యం కొనుగోళ్లు ‘నిరాటంకంగా’ సాగుతుంటాయి, పక్క పేజీలో ఉత్సవాలు ‘నిర్విఘ్నంగా’ ముగుస్తుంటాయి, విద్యుత్తు ‘నిరంతరాయంగా’ వస్తుంటుంది. ఇన్ని మాటలూ చెప్పేది స్థూలంగా ఒకటే, అడ్డు లేదని. మాటలు ఎన్ని వాడినా నాకు అభ్యంతరం లేదు. తొలగిపోయిన ఆ అడ్డు ఏమిటో, ఎవరికి తొలగిందో, ఎక్కడి వరకు తొలగిందో కింద వార్తలో వెతికినా దొరకనప్పుడే చిక్కు వస్తోంది.

పెద్ద ఇల్లు, పచ్చని చేను, తీయని పండు అన్నప్పుడు ఆ వస్తువులో ఉన్న గుణాన్ని చెబుతాం. నిరాటంకమైన ప్రయాణం అన్నప్పుడు ఉన్నదాన్ని కాక లేనిదాన్ని చెబుతున్నాం. ఏది లేదో వినేవాడికి తెలిసి ఉంటేనే ఆ విశేషణానికి అర్థం ఉంటుంది, తెలియకపోతే అది వాక్యానికి కట్టిన తోరణంగా మిగిలిపోతుంది. నా ఫిర్యాదంతా ఈ ఒక్క విషయం మీదే.

రైల్వేలో స్టేషన్ మాస్టరుగా పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి కనుక ‘లైన్ క్లియర్’ దగ్గరే మొదలుపెడతాను. పత్రికల్లోకి ఆ మాట వచ్చింది మా కార్యాలయాల నుంచే. మా దగ్గర అది ఒక స్టేషన్ ఇంకొక స్టేషన్‌కు బాధ్యతతో ఇచ్చే హామీ. రెండు స్టేషన్ల మధ్య ఉన్న పట్టాల భాగాన్ని బ్లాక్ సెక్షన్ అంటాం, అందులో ఒక వేళకు ఒకే బండి ఉండాలన్నది మూలసూత్రం. ఇవతలి స్టేషన్ మాస్టరు ఫలానా నంబరు బండికి లైన్ క్లియర్ ఇమ్మని అడుగుతాడు. అవతలి స్టేషన్ మాస్టరు ఊరికే ‘సరే’ అనడానికి వీల్లేదు. అంతకు ముందు వెళ్లిన బండి మొత్తంగా వచ్చి చేరి ఉండాలి. మొత్తంగా వచ్చిందని ఎలా తెలుస్తుందంటే, చివరి పెట్టె వెనుక ‘ఎల్‌వీ’ (లాస్ట్ వెహికల్, అంటే ఇదే చివరి పెట్టె) అని రాసి ఉండే పలకను, రాత్రివేళ అయితే ఎర్రదీపాన్ని, కంటితో చూసి నిర్ధారించుకోవాలి, ఎందుకంటే దారిలో పెట్టెలను కలిపే కప్లింగ్ తెగి రెండు పెట్టెలు పట్టాల మీదే నిలిచిపోయి ఉంటే ఇంజను వచ్చేసినా లైను ఖాళీ అయినట్టు కాదు. ఆ బండి కోసం దించిన సిగ్నళ్లు తిరిగి ప్రమాద స్థితికి వచ్చి ఉండాలి. స్టేషన్ మొదటి స్టాప్ సిగ్నల్ వరకే కాక, దాన్ని దాటి మరికొంత దూరం కూడా పట్టాలు ఖాళీగా ఉండాలి. ఆ ‘మరికొంత’ ఎంతో నియమావళిలో అంకెల్లో రాసి పెట్టారు: రెక్క కిందికి వాలే పాత పద్ధతి సిగ్నళ్లున్న చోట 400 మీటర్లకు తగ్గకూడదు, ఒకటికి మించి ముందస్తు సూచనలిచ్చే కొత్త పద్ధతి సిగ్నళ్లున్న చోట 180 మీటర్లకు తగ్గకూడదు. డ్రైవరు సిగ్నల్ దగ్గర బండిని నిలబెట్టలేక కాస్త ముందుకు పోనిచ్చినా దేన్నీ తాకకూడదన్నది ఆ నియమంలోని ముందుచూపు. ఇక ఒంటి లైను అయితే, ఎదురుగా వచ్చే బండి లేదని కూడా తేలాలి.

గుడివాడ, భీమవరం వైపు మార్గాలు ఇంకా ఒంటి లైన్లుగా ఉన్న కాలపు పద్ధతిని కొంచెం దగ్గరగా చూపిస్తాను, ఇప్పటి కుర్రవాళ్లకు తెలియకపోవచ్చు. ఒంటి లైన్ల మీద వాడే బాల్ టోకెన్ యంత్రాలు రెండు స్టేషన్లలో చెరొకటి ఉండి, తీగ ద్వారా ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. అవతలి స్టేషన్ సమ్మతిస్తే తప్ప ఇవతలి యంత్రం నుంచి ఇనుప బంతి బయటికి రాదు. ఒక బంతి బయటికి వచ్చాక, అది తిరిగి ఏదో ఒక యంత్రంలో పడేదాకా రెండో బంతి రాదు. ఆ బంతిని తోలుసంచిలో వేసి, సంచిని పెద్ద రింగుకు తగిలించి, ఆగకుండా వెళ్లే బండి అయితే ప్లాట్‌ఫారం అంచున నిలబడి ఇంజను వైపు ఎత్తి పట్టుకుంటే, లోపలి నుంచి చెయ్యి చాచి రింగును అందుకుంటారు. అందుకున్నాక సంచి తెరిచి, బంతి మీద చెక్కిన సెక్షన్ పేరు తమ ముందున్న సెక్షన్‌దే అని చూసుకుంటారు. ఆ బంతి చేతిలో ఉంటేనే డ్రైవరుకు ఆ పట్టాల మీదికి వెళ్లే అధికారం. ఏ బండికి, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎవరి హామీ మీద అన్న మూడు ప్రశ్నలకూ ఆ ఇనుప బంతిలోనే జవాబు ఉండేది.

ఇప్పుడు పత్రికల్లోని లైన్ క్లియర్‌ను చూడండి. హైకోర్టు ఒక మధ్యంతర ఉత్తర్వును ఎత్తివేస్తే లైన్ క్లియర్. మంత్రివర్గం ఒక ప్రతిపాదనను ఆమోదిస్తే లైన్ క్లియర్. పర్యావరణ అనుమతి కోసం ఏర్పాటైన నిపుణుల సంఘం సిఫారసు చేస్తే, అసలు అనుమతి ఇంకా రాకుండానే, లైన్ క్లియర్. రహదారి ప్రాజెక్టుకు భూసేకరణ ఉంటుంది, అటవీ భూమి ఉంటే దానికి వేరే అనుమతి ఉంటుంది, విద్యుత్ స్తంభాలను, తాగునీటి గొట్టాలను మార్చాల్సి ఉంటుంది, టెండర్లు ఉంటాయి, టెండరు మీద వ్యాజ్యాలు ఉంటాయి. ఇన్నింటిలో ఒక్క అడ్డు తొలగినంత మాత్రాన లైన్ క్లియర్ అంటే, మా భాషలో చెప్పాలంటే, సెక్షన్‌లో ఇంకా నాలుగు బండ్లు నిలబడి ఉండగా అయిదోదాన్ని పంపించినట్టు.

ఇది మాటల చాదస్తం అనుకునేవారికి ఒక ఉదాహరణ. ఆంధ్రప్రదేశ్‌లో 16,347 ఉపాధ్యాయ పోస్టుల మెగా డీఎస్సీ దస్త్రం మీద ముఖ్యమంత్రి తొలి సంతకం పెట్టింది 2024 జూన్ 13న. నియామక ప్రకటన వెలువడింది 2025 ఏప్రిల్ 20న. మధ్యలో, 2024 ఆగస్టు 1న షెడ్యూల్డు కులాల ఉపవర్గీకరణకు రాష్ట్రాలకు అధికారం ఉందని సుప్రీంకోర్టు తీర్పు చెప్పడం, దాని ప్రకారం రాష్ట్రం ఆర్డినెన్సు తేవడం, ఆ తర్వాతే ప్రకటన రావడం జరిగాయి. ఎవరినీ తప్పుపట్టడానికి ఈ సంగతి చెప్పడం లేదు, ఆ అంచెలు ఉండవలసినవే. అయితే ఇటువంటి వ్యవహారంలో ఒక్కొక్క అంచె దాటినప్పుడల్లా శీర్షికలో లైన్ క్లియర్ అని కనిపిస్తే, అద్దె గదిలో ఉండి శిక్షణ కేంద్రానికి ఫీజు కడుతున్న అభ్యర్థి ఏమి అర్థం చేసుకోవాలి? ఊళ్లో చేస్తున్న చిన్న ఉద్యోగం మానుకుని రావాలా, ఇంకో పంట కాలం ఆగాలా అన్న నిర్ణయాన్ని ఆ రెండు మాటల మీద తీసుకునే కుటుంబాలు ఉన్నాయి. ప్రతిపాదిత రహదారి పక్కన సెంటు భూమి కొనేవాళ్లు, అమ్మేవాళ్లు కూడా పూర్తి వార్త చదవరు, శీర్షికను చదివి బయానా ఇస్తారు.

‘మార్గం సుగమం’ సంగతి కూడా ఇంచుమించు ఇదే. సుగమం అంటే సులువుగా నడిచి పోగలిగినది. ఒక గేటు తీసినంత మాత్రాన దారి సుగమం కాదు, గతుకులు ఉంటే అది ఇంకా దుర్గమమే. రెండు కాలమ్‌ల వెడల్పులో ఇమిడిపోయే సౌకర్యం ఆ మాటకు ఉందని నాకు తెలుసు, అందుకే దాని మీద శీర్షికలు పెట్టే మీ డెస్కులో అంత మక్కువ అని అనుకుంటాను.

మన భాషలో ఈ పనికి మాటల కరువు లేదు, ఒక్కొక్క రకం అడ్డుకు ఒక్కొక్క మాట ఉంది. అంతరాయం అంటే నడుస్తున్నది మధ్యలో తెగిపోవడం. అందుకే కరెంటుకు అంతరాయం, ప్రసారాలకు అంతరాయం, వాన వల్ల ఆటకు అంతరాయం అంటాం. ఆటంకం అంటే ముందుకు వెళ్తున్నవాడికి ఎదురువచ్చి నిలిచేది: ‘చదువుకు పేదరికం ఆటంకం కాలేదు’ అంటాం కానీ, చదువుకు పేదరికం అంతరాయం కాలేదు అని అనం. అవరోధం దారిని మూసేసే గట్టి వస్తువును తలపిస్తుంది, కొండచరియ విరిగి ఘాట్ రోడ్డు మీద పడితే అది అవరోధం. విఘ్నం తలపెట్టిన మంచిపనిని చెడగొట్టేది. అభ్యంతరం మనిషి నోటి నుంచి, లేదా కాగితం మీద నుంచి, వచ్చేది. వీటికి ‘లేదు’ అని చేర్చి నిరంతరాయం, నిరాటంకం, నిర్విఘ్నం, నిరభ్యంతరం అంటున్నప్పుడు ఏది లేదో ఆ మాటలోనే ఉంది. వాడేటప్పుడు ఆ తేడాను పోగొట్టుకుంటున్నాం.

విద్యుత్తు సంగతే తీసుకుందాం. కొన్ని వార్తల్లో నిరంతర విద్యుత్ అంటారు, కొన్నింటిలో నిరంతరాయ విద్యుత్, ఇంకొన్నింటిలో నిరాటంక సరఫరా. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయ పంపుసెట్లకు 24 గంటల విద్యుత్తు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు అది గంటల లెక్క, రోజులో ఏ వేళ మోటారు వేసినా కరెంటు ఉండాలన్నది దాని భావం. దానికి నిరంతర విద్యుత్ అనడం సరిపోతుంది. ఉన్న కరెంటు మధ్యమధ్యలో పోకుండా ఉండటం వేరే విషయం. కేంద్రం 2020లో తెచ్చిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమాలలో సరఫరా గంటలు ఒకచోట ఉంటే, అంతరాయాలు ఎన్నిసార్లు వచ్చాయి, ఎంతసేపు వచ్చాయి అనే కొలతలు వేరుగా ఉన్నాయి. ఇరవైనాలుగు గంటలూ ఇస్తున్నామని చెప్పుకునే పంపిణీ సంస్థ పరిధిలోనే గాలి వీచినప్పుడల్లా కరెంటు పోవచ్చు. మొదటిది నిజమైనా రెండోది నిజం కాకపోవచ్చు. విలేకరి ఈ రెండు మాటలనూ కలిపేస్తే, ఇంట్లో ఇన్వర్టరు కొనుక్కున్న పాఠకుడు ‘నిరంతరాయం’ అన్న మాట చదివి నవ్వుకుంటాడు. ఆ నవ్వులో పత్రిక మీద ఉన్న నమ్మకం కొంత కరుగుతుంది.

నిరభ్యంతర పత్రం విషయంలో ప్రమాదం ఇంకా ఎక్కువ. అగ్నిమాపక శాఖ ఒక భవనానికి నిరభ్యంతర పత్రం ఇచ్చిందంటే, తనిఖీ చేసిన నాడు ఆ శాఖ అభ్యంతరం చెప్పలేదని అర్థం. ఆ భవనం మెట్లు ఈరోజు నిరాటంకంగా ఉన్నాయని దాని అర్థం కాదు. అపార్టుమెంట్లలో, వాణిజ్య సముదాయాల్లో మెట్ల మలుపుల దగ్గర చెప్పుల స్టాండు, పిల్లల సైకిలు, వాడని కూలరు, ఖాళీ సిలిండరు కనబడటం మనందరికీ అలవాటే. ప్రమాదం జరిగాక ‘భవనానికి అన్ని అనుమతులూ ఉన్నాయి’ అని రాసే బదులు, మెట్లదారి ఖాళీగా ఉందా, పై తలుపు తాళం తీసి ఉందా, రెండో దారి ఉందా అని అడిగి రాస్తే పాఠకుడికి ఉపయోగం.

నిర్విఘ్నం అన్న మాటకు పూజగది వాసన ఉంది. వినాయక చవితి నాడు ‘నిర్విఘ్నం కురు మే దేవ’ అని చదువుకునే ఇళ్లలో ఆ మాటను మంచిపనికే వాడతారు. అందువల్ల పెళ్లి నిర్విఘ్నంగా జరిగిందంటే బాగుంటుంది, జాతర నిర్విఘ్నంగా ముగిసిందంటే బాగుంటుంది. ఇసుక దొంగరవాణా నిర్విఘ్నంగా సాగుతోందని రాస్తే వెటకారం కావాలి, లేకపోతే పొరపాటు కావాలి. దొంగరవాణాకు మనకు ‘యథేచ్ఛగా’ అన్న చక్కని మాట ఉంది: అడ్డుకోవలసినవాళ్లు అడ్డుకోవడం లేదు, చేసేవాళ్లు తమ ఇష్టానికి చేసుకుపోతున్నారు అన్న రెండు సంగతులూ అందులో వినిపిస్తాయి. ‘నిరాటంకంగా’ అంటే ఆ నింద పోతుంది, అది కూడా ఏదో ప్రభుత్వ పథకంలాగా సవ్యంగా నడుస్తోందన్నట్టు ఉంటుంది. తెలుగువాడి నోట అడ్డు లేకపోవడం అన్నివేళలా మెప్పుకోలు కాదని ఇంటి భాషే చెబుతుంది. ఎదురులేని ఆటగాడు అంటే పొగడ్త. అడ్డూ అదుపూ లేని ధరలు అంటే తిట్టు. అడ్డగోలు బేరం అన్నా తిట్టే.

అనర్గళం, అప్రతిహతం అన్న మాటలను పొడిగించి చెప్పను. అర్గళం అంటే తలుపు గడియ, గడియ లేని తలుపులోంచి వచ్చినట్టు మాట వస్తే అనర్గళం. ఆ మాట ఉపన్యాసానికే పరిమితమై స్థిరపడిపోయింది, దాని జోలికి వెళ్లనక్కర్లేదు. అప్రతిహతం గెలుపుల వరుసకు స్థిరపడింది, అదీ బాగానే ఉంది.

వ్యాకరణం విషయంలో ఒక తప్పును మాత్రం ఉపేక్షించలేను. ‘ఎలాంటి నిరాటంకం లేకుండా కార్యక్రమం సాగింది’, ‘నిరంతరాయం లేకుండా నీటి సరఫరా’ అన్న వాక్యాలు అచ్చులోనూ, టీవీల కింది పట్టీల్లోనూ, ప్రకటనల్లోనూ కనబడుతున్నాయి. నిరాటంకం లేకుండా అంటే ఆటంకం లేకపోవడం లేకుండా, అంటే ఆటంకాలతోనే సాగిందన్నమాట. ఒక్కొక్కసారి కార్యక్రమాన్ని చూసి వచ్చినవాడికి అదే నిజమనిపిస్తుంది కూడా, అది వేరే సంగతి. ‘ఎలాంటి ఆటంకం లేకుండా’ అంటే సరిపోతుంది, ‘నిరాటంకంగా’ అన్నా సరిపోతుంది, రెండింటినీ కలిపి కుట్టకూడదు.

‘నిరాటంక సరఫరా’ అన్న సమాసాన్ని పాతతరం పండితులు ఒప్పుకోరు, సంస్కృత పదానికి ఉర్దూ ద్వారా వచ్చిన పదాన్ని అతికించి సమాసం చెయ్యడం వారి లెక్కలో వైరి సమాసం. నేను అంత కఠినంగా ఉండను. వాడుకలో నలిగిన మాటకు కులగోత్రాలు అడగనక్కర్లేదు. అయితే ‘ఆగకుండా నీళ్లు’ అని రాయగలిగిన చోట ‘నిరాటంక జల సరఫరా’ అని రాయడం వల్ల ఎవరికి లాభమో తెలియదు. ఇలాంటి సంస్కృత విశేషణాన్ని నామవాచకం ముందు పెట్టి బరువు పెంచే అలవాటు మన వాడుక భాషది కాదు. తెలుగు వాక్యం ఆ పనిని క్రియ దగ్గర చేస్తుంది: ‘నీళ్లు ఆగకుండా వస్తున్నాయి’, ‘బస్సు ఎక్కడా ఆగకుండా వచ్చేసింది’, ‘అడిగేవాడు లేక తవ్వుకుపోతున్నారు’. ఎవరు ఆపాలో, ఏది ఆగలేదో ఆ వాక్యాల్లో దానంతటదే తెలిసిపోతుంది.

జనం నోట ఉన్న మాటలను డెస్కు కొంచెం చెవిన పెట్టాలని మనవి. ప్రయాణం ఎలా సాగిందని అడిగితే ‘సాఫీగా సాగింది’ అంటారు. తెలంగాణలో పెద్దవాళ్లు ఇంటి ముందు జాగా ‘ఖుల్లాగా’ ఉందంటారు, దారిని ‘తొవ్వ’ అంటారు. గోదావరి డెల్టాలో కాలువ గుర్రపుడెక్కతో నిండిపోతే ‘కాలువ పూడిపోయింది, నీరు లాగడం లేదు’ అంటారు. డెక్క తీసి, పూడిక తీశాక ‘ఇప్పుడు నీరు బాగా లాగుతోంది’ అంటారు. ఆ ‘లాగడం’ అనే ఒక్క క్రియలో ప్రవాహం, వేగం, అడ్డు లేకపోవడం మూడూ ఉన్నాయి. ఇదే వార్త జిల్లా పేజీలోకి వచ్చేసరికి ‘సాగునీటి ప్రవాహానికి అవరోధాలు తొలగింపు’ అవుతుంది. శివారు రైతు ఆ శీర్షిక చదివి తన చేను దాకా నీళ్లు వచ్చాయో లేదో తెలుసుకోలేడు. డెక్క ఏ లాకు దగ్గర తీశారు, ఇంకా ఏ పిల్లకాలువలో మిగిలింది అన్నదే అతనికి కావలసిన వార్త. బస్సు కండక్టరు ‘రైట్ రైట్’ అన్నప్పుడు కూడా, వెనక తలుపు దగ్గర దిగేవాళ్లు దిగిపోయారు, ఎక్కేవాళ్లు ఎక్కేశారు, ఇక కదలవచ్చు అన్న ఖచ్చితమైన సమాచారం అందులో ఉంటుంది.

ఎవరికి అడ్డు లేదన్న ప్రశ్న నడకదారుల విషయంలో మరీ ముఖ్యం. పాదచారులకు సరైన కాలిబాటలు ఉండటం రాజ్యాంగంలోని 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని, వాటి మీది ఆక్రమణలను తొలగించాలని, దివ్యాంగులు కూడా వాడుకోగలిగేలా అవి ఉండాలని సుప్రీంకోర్టు 2025 మే 14న స్పష్టంగా చెప్పింది. అడ్డులేని కాలిబాట అంటే ఎంత అన్నదానికి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012 నాటి మార్గదర్శకాల్లోనే కొలత ఉంది: కనీసం 1.8 మీటర్ల వెడల్పు, 2.2 మీటర్ల ఎత్తు వరకు ఏ అడ్డూ ఉండకూడదు. ఎత్తు కొలత ఎందుకంటే, తలకు తగిలే చెట్టు కొమ్మా, దుకాణం బోర్డూ కూడా అడ్డే. చూపు లేని మనిషి చేతికర్రతో నేలను తడుముకుంటూ వెళ్తాడు కానీ, ముఖం ఎత్తులో వేలాడే ఇనుప బోర్డు ఆ కర్రకు తగలదు. మన పట్టణాల్లో ‘ఆక్రమణల తొలగింపు, నడకదారులు సుగమం’ అని వార్త వచ్చిన వీధికి వెళ్లి చూడండి. టిఫిన్ బండి పోయి ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె, కేబుల్ పెట్టె, ఫ్లెక్సీ కర్రలు, వరుసగా నిలబెట్టిన మోటారు సైకిళ్లు, దుకాణం ముందు కట్టుకున్న ర్యాంపు అక్కడే ఉంటాయి. ఇడ్లీ అమ్ముకునే మనిషిని పంపించేయడాన్ని అడ్డు తొలగింపుగా లెక్కవేసి, శాశ్వతంగా పాతేసినవాటిని లెక్కలోకి తీసుకోకపోవడం నాకు న్యాయంగా కనిపించదు. విలేకరి దగ్గర కొలత టేపు ఉంటే చాలు, విశేషణం అక్కర్లేదు. ‘ఫలానా వీధిలో 1.8 మీటర్ల దారి మిగిలింది’ అని రాయవచ్చు, మిగలకపోతే మిగలలేదని రాయవచ్చు.

ఇటువంటి మాటను సరిగ్గా వాడిన సందర్భాలూ ఉన్నాయి. 2021 ఫిబ్రవరి 2న హైదరాబాదులో ఒక దాత గుండెను నాగోలు నుంచి జూబ్లీహిల్స్‌కు మెట్రో రైలులో, మధ్య స్టేషన్లలో ఆపకుండా తీసుకువెళ్లారు. ఆ వార్తలో ‘ఎక్కడా ఆగకుండా’ అన్న మాటకు బరువు ఉంది, ఏ స్టేషన్ నుంచి ఏ స్టేషన్‌కో, ఎందుకో, ఎవరి కోసమో అన్నీ పక్కనే ఉన్నాయి. అంబులెన్సుకు దారి ఇవ్వకపోతే 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం 10,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. అక్కడా అడ్డు ఎవరిదో చట్టమే చెబుతోంది. దీనికి భిన్నంగా, నాయకుల వాహనశ్రేణి సాఫీగా సాగిపోయిందని రాసినప్పుడు, ఆ సాఫీతనం కోసం కూడలిలో ఎండకు నిలబడ్డవాళ్ల ఊసు వార్తలో ఉండదు. ఒకరి దారి అడ్డులేనిది కావడానికి ఇంకొకరికి అడ్డు పెట్టవలసి వచ్చినప్పుడు ఆ రెండో మనిషిని కూడా వాక్యంలోకి తీసుకురావడం పత్రిక ధర్మమని నా అభిప్రాయం. మా పనిలోనూ ఎక్స్‌ప్రెస్‌కు దారి ఇవ్వడానికి ప్యాసింజరును పక్కనుండే లూప్ లైనులో నిలబెట్టేవాళ్లం. ప్యాసింజరు ఎంతసేపు ఆగిందో కూడా రిజిస్టరులో రాసేవాళ్లం.

శీర్షికకు చోటు తక్కువన్న సమాధానం మీ నుంచి వస్తుందని ఊహించగలను. కోర్టు ఉత్తర్వు ఎత్తివేస్తే ‘స్టే ఎత్తివేత’ అనవచ్చు, అది ‘మార్గం సుగమం’ కన్నా పొడుగేమీ కాదు. మంత్రివర్గం ఒప్పుకుంటే ‘మంత్రివర్గం ఓకే’ అని మీరే రాస్తుంటారు, అది ఎంత మామూలు మాట అయినా నిజం చెబుతుంది. డబ్బు విడుదలైతే ‘నిధుల విడుదల’, భూమి చేతికి వస్తే ‘భూసేకరణ పూర్తి’. అన్ని అనుమతులూ వచ్చి, పని మొదలుపెట్టడానికి ఏ కాగితమూ బాకీ లేని నాడు లైన్ క్లియర్ అని పెద్ద అక్షరాల్లో వేయండి, ఆనాడు చదువుకుని సంతోషిస్తాం. అంతవరకు, కనీసం వార్త చివరి పేరాలో ‘ఇంకా రావలసినవి’ అని ఒక వాక్యం చేర్చమని కోరుతున్నాను. భూమి కొనేవాళ్లు, పరీక్షలకు చదివేవాళ్లు ముందుగా ఆ వాక్యమే చూస్తారు.

భవదీయుడు,
విశ్రాంత స్టేషన్ మాస్టరు,
పశ్చిమ గోదావరి జిల్లా